గడువు చెప్పని మాట

మెథడిస్టు చర్చి శిబిరం,
ఉత్తర మొన్సెరాట్.
సెప్టెంబరు 1996

ప్రియమైన రుత్లిన్‌కి,

నువ్వు ఓడెక్కి నెల దాటింది. చేరానని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. అంటిగాలో బూడిద ఊడ్చే పని లేదు కాబట్టి బోలెడు తీరిక ఉంటుందనుకున్నాను. ఉన్నా నాకు రాయడానికి కాదన్నమాట.

ఇక్కడ చర్చి బెంచీలన్నీ బయట చెట్ల కింద పడేసి లోపల మంచాలు వేశారు. మంచానికీ మంచానికీ మధ్య ఒక దుప్పటి కట్టుకున్నాం. అదే గోడ. ఒకరు తుమ్మితే పదిమంది దీవిస్తారు. ఎవరింట్లో ఏం గొడవో ఇదివరకు ఆదివారం పూట తెలిసేది, ఇప్పుడు అప్పటికప్పుడే తెలుస్తోంది. పొద్దున టెంటు బడిలో చిన్నపిల్లలకి అక్షరాలు దిద్దించి, మధ్యాహ్నం తిండి వరసలో నిలబడి, సాయంత్రం మా బాబాయికి జవాబు చెప్తున్నాను. మూడో ఉద్యోగమే కష్టం.

కేలబ్ బాబాయి సంగతి నీకు చెప్పేదేముంది? డెబ్బై దాటినా మొండితనంలో ఇంకా మా తాతకి చిన్నకొడుకే. రోజూ ఒకటే ప్రశ్న. "అమ్మాయ్, ఈ టెంపరరీ ఎప్పుడైపోతుంది?" నన్నడిగి ఊరుకుంటే సరిపోయేది. శిబిరం చూసుకునే ఆయన్ని అడుగుతాడు, నీళ్ళ బండి డ్రైవర్ని అడుగుతాడు. మొన్న పాస్టరుగారిని పట్టుకున్నాడు. ఆయన బాబాయి భుజం మీద చెయ్యేసి, ఈ లోకంలో అన్నీ అనిత్యమే కేలబ్, గడ్డి ఎండిపోతుంది, పువ్వు రాలిపోతుంది అన్నారు. బాబాయి టోపీ తీసి చాలా వినయంగా, "అయ్యగారూ, నేనడిగేదీ గడ్డి గురించే. మా దొడ్లో గడ్డి" అన్నాడు. పాస్టరుగారు నవ్వాపుకోలేక మొహం తిప్పుకున్నారు.

నిప్పులు కక్కుతున్న మన కొండని పరీక్షించడానికి వచ్చిన శాస్త్రవేత్తల్లో ఒక కుర్రాయన మీటింగు పెట్టి, కొండల లెక్కలో ఇరవై ఏళ్ళు కూడా టెంపరరీయే అని వివరించాడు. వెనక బెంచీలోంచి బాబాయి లేచి, కొండకి ఆ లెక్క చెప్పుకో బాబూ, నాకు మనిషి లెక్క చెప్పు అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ కుర్రాడికి చెమట్లు పట్టాయి.

ఇంకో సరదా. ఇక్కడ ప్రతిదాని మీదా ఆ మాట రాసుంటుంది. టెంపరరీ వంటశాల, టెంపరరీ మరుగుదొడ్డి. బాబాయి వాటి ముందు నిలబడి వేలితో అక్షరాలు చూపించుకుంటూ చదువుతాడు. "నేనూ ఈ మరుగుదొడ్డీ ఒకే జాతి" అంటాడు.

అసలీ మాట నీ నోట ఎవరు పెట్టారు బాబాయ్ అని అడిగాను. "ఇంకెవరు, రుత్లిన్ టీచరమ్మ. ఇంగ్లీషు చెప్పే మనిషి. ఊరికే మాట వాడదు" అన్నాడు. నువ్వేం చెప్పావు ఆయనకి? ఊరు ఖాళీ చెయ్యమన్న రోజు నేను పిల్లలతో మొదటి బస్సులో వచ్చేశాను కదా, నాకు తెలీదు.

తీరిక చేసుకుని రాయి.
నీ జెస్టినా


సెయింట్ జాన్స్, అంటిగా.
అక్టోబరు

జెస్,

నీ ఉత్తరం చదువుతూ పాస్టరుగారి దగ్గర నవ్వాను. చివరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

ఇక్కడ మా పిన్ని ఇంట్లో వెనక గది నాది. మంచి మనిషే, కానీ వచ్చినవాళ్ళందరికీ "మా అక్క కూతురు, పాపం, ఆ కొండ వల్ల" అని పరిచయం చేస్తుంది. నా పేరు మర్చిపోయిందేమో అని అనుమానం. బడిలో ఆరో తరగతికి ఇంగ్లీషు చెప్తున్నాను, ఒక టీచరు పురిటికి వెళితే ఆవిడ బదులు. అంటే నా ఉద్యోగం కూడా మీ మరుగుదొడ్డి జాతే.

పోయిన వారం పాఠం పర్యాయపదాలు. నేను ఏరుకున్నది కాదు, పుస్తకంలో ఆ పేజీ వచ్చింది. బోర్డు మీద టెంపరరీ అని రాసి, దీనికి దగ్గర మాటలు చెప్పండి అన్నాను. పిల్లలు వెతికి చెప్పారు. ఫ్లీటింగ్, ట్రాన్సియెంట్, ఎఫెమెరల్, ప్రొవిజనల్. అన్నీ ఒకటే కదా టీచర్ అన్నారు. ఒకటి కాదర్రా అని మొదలుపెట్టాను. చూస్తుండగా జారిపోయేది ఫ్లీటింగ్, కదిలే బస్సులోంచి కనబడిన మొహం లాగా. వానకి పుట్టి దీపం చుట్టూ తిరిగి తెల్లారేసరికి రెక్కలు రాల్చే ఉసుళ్ళది ఎఫెమెరల్ బతుకు. ఎక్కడికో పోతూ దారిలో ఆగినవాడు ట్రాన్సియెంట్. ఇంకా ఖాయం కానిది ప్రొవిజనల్. మరి టెంపరరీ?

అక్కడ ఆగిపోయాను జెస్. ఇరవై ఏళ్ళుగా ఈ పాఠం చెప్తున్నాను, ఎప్పుడూ ఆగలేదు. మిగతా మాటలన్నీ పోయేదాని గురించి చెప్తాయి. ఇదొక్కటే, పోయింది మళ్ళీ వస్తుందని చెప్తుంది. వంతెన బాగయ్యేదాకా పక్కదారి. టీచరు తిరిగొచ్చేదాకా నేను. ఈ మాటలో ఒక వాగ్దానం దాగి ఉంది. మీ బాబాయి అయిదో తరగతితో బడి మానేసినవాడు, ఆ వాగ్దానాన్ని విన్న వెంటనే పట్టుకున్నాడు. చెప్పిన నేను పట్టుకోలేదు.

ఏం చెప్పావని అడిగావు కదా. ఏప్రిల్లో ఖాళీ చెయ్యమన్నప్పుడు మైకు బండితో మన వీధిలో తిరిగింది నేనే. గొంతు పెద్దదని నన్ను పిలిచారు. నా చేతిలో కాగితం ఉంది. మళ్ళీ తెలియజేసేవరకు ఇళ్ళు వదిలి ఉత్తరానికి వెళ్ళండి, అంతే రాసుంది. మీ బాబాయి మెట్ల మీద కూర్చుని కదలనన్నాడు. ఆయన కూర్చుంటే వీధి మొత్తం కూర్చుంది. పైన కొండ బుసకొడుతోంది. ఎన్నాళ్ళు అని అడిగాడు. నాకు భయం వేసింది. "టెంపరరీ బాబాయ్, టెంపరరీ" అన్నాను. రెండుసార్లు అన్నాను. కాగితంలో ఆ మాట లేదు. ఆయన నా మొహంలోకి చూసి, లేచి, చర్చికి వేసుకునే బూట్లు తొడుక్కున్నాడు.

ఆయన నిన్ను అడిగినప్పుడల్లా నిజానికి నన్నడుగుతున్నాడు. ఇంకా అడుగుతూనే ఉన్నాడా?

రుత్లిన్


చర్చి శిబిరం.
నవంబరు

రుత్లిన్,

అంత బాధపడాల్సిన పని లేదు. ఆయన లేచాడు కాబట్టే వీధంతా లేచింది. మన వీధి మిస్ ఒలివియా డేలీ నాతో అంది, కేలబ్ బూట్లు తొడుక్కోవడం చూశాకే నేను తాళం వేశాను అని. వేసవిలో మన పైవీధి మీదికి కొండ ఏం దించిందో నువ్వు ఉండగానే చూశావు కదా. నువ్వు అబద్ధమే చెప్పావనుకో. ఆ అబద్ధం ఈ శిబిరంలో రోజూ అన్నం తింటోంది, డామినోలు ఆడుతోంది, గురక పెడుతోంది.

కానీ నీ దగ్గర ఒకటి దాచాను. దాచడం నాకు చేతకాదు, చెప్పేస్తాను. బాబాయి ఆవు, డచెస్ సంగతి. ఏప్రిల్లో మిగతావాళ్ళు ఆవుల్ని రోడ్డు మీద తోలుకుని వచ్చారు. బాబాయి తోలుకురాలేదు. ముసలి ఆవు, అంతదూరం నడిపిస్తే కాళ్ళు నొప్పెడతాయని, ఊట పక్కన పొడుగు తాడు వేసి కట్టి, రెండు మోపుల గడ్డి వేసి వచ్చాడు. కొన్నాళ్ళకే కదా అనుకున్నాడు. పగటిపూట ఊళ్ళోకి వెళ్ళిరావడానికి పోలీసులు మొదటిసారి ఒప్పుకున్నప్పుడు వెళ్ళాడు. సాయంత్రం చుట్ట చుట్టిన తాడుతో తిరిగొచ్చాడు. ఏమైందని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఆ రాత్రి అన్నం తినలేదు.

అయినా నీ మీద ఒక్క మాట పడనివ్వడు. నీళ్ళ వరసలో ఎవరో, ఆ టీచరమ్మ మనకి కథలు చెప్పి తను ఓడెక్కి పోయింది అన్నారు. బాబాయి బకెట్ కింద పెట్టి, ఆవిడకి పైవాళ్ళు ఏం చెప్పారో ఆవిడ అదే చెప్పింది, మాట తప్పితే వాళ్ళు తప్పారు అన్నాడు. కాగితంలో లేదని నేను ఆయనకి చెప్పలేదులే.

అవును, ఇంకా అడుగుతూనే ఉన్నాడు. ఒక్కోసారి నాకూ విసుగొస్తుంది. రోజంతా పిల్లల దగ్గుతో వేగి వస్తానా, ఇంకా గుమ్మం దాటకముందే "అమ్మాయ్" అంటాడు. ఆ పిలుపు వింటే ఒళ్ళు మండిపోతుంది. మళ్ళీ నాకే సిగ్గేస్తుంది.

జెస్టినా


సెయింట్ జాన్స్.
డిసెంబరు

జెస్,

డచెస్ గురించి చెప్పి మంచిపని చేశావు. మంచిపని అని ఎందుకంటున్నానో నాకే తెలీదు. ఆ ఆవు పాలే నేను చిన్నప్పుడు తాగింది.

క్రిస్మస్‌కి ఓడలో చిన్న మూట పంపుతున్నాను. నీకు సబ్బులు, జడకి నూనె, పిల్లలకి సుద్దముక్కలు. బాబాయికి బూట్లు. ఆయన పాదం కొలత నాకు ఎలా తెలుసని అడగకు. మెట్ల మీద తొడుక్కుంటుంటే చూశానుగా, ఆ పాదాలు నా కళ్ళలోంచి పోలేదు. నేను పంపానని చెప్పు. వద్దులే, చెప్పకు. చర్చివాళ్ళు ఇచ్చారని చెప్పు.

ఇక్కడ కొన్ని కాగితాల పని మీద తిరుగుతున్నాను. తేలాక రాస్తాను. నువ్వెలా ఉన్నావు? నీ గురించి ఎప్పుడూ రాయవు.

రుత్లిన్


చర్చి శిబిరం.
ఫిబ్రవరి 1997

రుత్లిన్,

జవాబు ఆలస్యమైంది. సముద్రం బాగాలేక ఓడలు రాలేదు, నీ మూట ఈ వారమే చేతికొచ్చింది. సబ్బు వాసన చూస్తేనే మా వరసంతా మురిసిపోయింది. సుద్దముక్కలు సగం విరిగాయి, పర్వాలేదు, చిన్నచేతులకి అవే సరిపోతాయి.

బూట్లు బాగున్నాయి. బాబాయి మంచం కింద పెట్టాను.

ఆయన ఇప్పుడు అడగడం మానేశాడు.

బడిలో పని ఎక్కువగా ఉంది. ఇంకోసారి వివరంగా రాస్తాను.

జెస్టినా


సెయింట్ జాన్స్.
ఫిబ్రవరి

జెస్, నా తల్లీ,

నీ ఉత్తరంలో ఆ ఒక్క వాక్యం ఎన్నిసార్లు చదివానో! అడగడం మానేశాడు. పది నెలలుగా నా గుండె మీద కూర్చున్న మనిషెవరో లేచి వెళ్ళినట్టయింది. అలవాటు పడ్డాడు కదూ? ముసలివాళ్ళు మొదట మొరాయిస్తారు, తర్వాత మనకంటే ముందే కుదురుకుంటారు. డామినోల్లో ఎవర్నో ఒకర్ని ఓడిస్తూ ఉంటాడు.

ఇప్పుడు నీకు చెప్పొచ్చు. ఇంగ్లండులో ఒక బడిలో పని దొరికింది. కాగితాలు డిసెంబరులోనే పెట్టాను, నీకు చెప్పలేదు. మళ్ళీ ఊరికి వెళ్దాం, బడి తెరుద్దాం అని మీ అందరికీ చెప్పి వచ్చినదాన్ని, నేనే ఇంకా దూరం పోతున్నానని ఎలా రాయను? మీ బాబాయి అక్కడ రోజూ అడుగుతుంటే నేనిక్కడ టికెట్టు కొనలేకపోయాను. కొనబోయి రెండుసార్లు వెనక్కి వచ్చాను. నీ ఉత్తరం అందిన మర్నాడు వెళ్ళి కొన్నాను. మే నెలలో ప్రయాణం.

కోప్పడతావా? కోప్పడు. కానీ బాబాయితో నువ్వే చెప్పు, నెమ్మదిగా. బూట్లు సరిపోయాయా? పట్టేస్తే కాస్త నూనె రాసి ఎండలో పెట్టమను.

నీ రుత్లిన్


సెయింట్ జాన్స్.
మార్చి

జెస్టినా,

ఈ రోజు బజారులో సీమపనసకాయలు బేరం చేస్తుంటే మిసెస్ వీక్స్ కనబడింది. మీ శిబిరం నుంచి కూతురి దగ్గరికి వచ్చిందట. నా చేతులు పట్టుకుని, కేలబ్ పోయాక మీ వీధి మనుషుల్లో ప్రాణం లేదమ్మా అంది. ఎప్పుడు అన్నాను. జనవరి ఆఖర్లో అంది. నీకు తెలీదా అంది.

తెలుసన్నాను. తెలిసినట్టే తలూపి వచ్చాను.

ఫిబ్రవరిలో నువ్వు రాసిన ఉత్తరం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఇందులో ఒక్క అబద్ధం లేదు. బూట్లు మంచం కింద ఉన్నాయి. ఆయన అడగడం మానేశాడు. ఇలా రాయడం ఎక్కడ నేర్చుకున్నావు? ఆ మాటలు చదివి సంతోషపడ్డాను నేను. టికెట్టు కొన్నాను.

ఏం జరిగిందో రాయి.

రుత్లిన్


చర్చి శిబిరం.
మార్చి

రుత్లిన్,

రాస్తున్నాను. మధ్యలో ఆపకుండా చదువు.

ఆ రోజుకి ముందు రాత్రంతా బూడిద పడింది. రేకుల మీద ఇసుక చల్లుతున్నట్టు చప్పుడు, ఎవరికీ నిద్ర లేదు. పొద్దున నీళ్ళ బండి రాలేదు. బడి లేదన్నారు. నేను ముక్కుకి గుడ్డ కట్టుకుని చర్చి మెట్లు ఊడుస్తున్నాను. ఊడ్చినంతా మళ్ళీ పడుతోంది. ఆయన వచ్చి పక్కన నిలబడ్డాడు. "అమ్మాయ్, నిన్న రేడియోలో ఏమైనా చెప్పారా, ఈ టెంపరరీ సంగతి" అన్నాడు.

చీపురు విసిరికొట్టాను.

"ఇది టెంపరరీ కాదు బాబాయ్. నీ మొహం మీద చెప్పే ధైర్యం ఎవరికీ లేదు, నేను చెప్తున్నాను. ఆ ఇంటికి నువ్వు మళ్ళీ వెళ్ళవు. నేనూ వెళ్ళను. ఇంక ఎప్పటికీ లేదు. నన్ను అడక్కు."

ఆయన వంగి చీపురు తీసి నా చేతికిచ్చాడు. "మంచిది అమ్మాయ్. ఒక్కరైనా తిన్నగా చెప్పారు" అన్నాడు. మొహంలో కోపం లేదు, ఏడుపు లేదు. అందుకే నేను పోల్చుకోలేకపోయాను. నిజం చెప్పేశాను, బరువు దిగింది అని కూడా అనుకున్నాను. ఆ పూట హాయిగా అన్నం తిన్నాను రుత్లిన్. అది మాత్రం నేను మర్చిపోలేను.

ఆయన గడ్డం గీసుకున్నాడు. టీ తాగాడు. పక్క మంచం మిస్ ఒలివియాకి తన దుప్పటి ఇచ్చి, నాకు చలి లేదు, నువ్వు కప్పుకో అన్నాడట. మధ్యాహ్నం అన్నాల వేళ కనబడలేదు. డామినోల దగ్గర ఉన్నాడేమో అనుకున్నాను. రాత్రి వరసలోనూ లేడు. అప్పుడు నాకు అర్థమైంది.

అర్థమయ్యాక కూడా నేను పోలీసులకి చెప్పలేదు. వాగు దారమ్మట వెళ్ళి ఉంటాడు, కాపలావాళ్ళ కంటపడకుండా. ఇల్లు ఒక్కసారి చూసుకుని ఆయనే వస్తాడులే అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం అది కాదు. చెప్తే ఎందుకెళ్ళాడని అడుగుతారు. ఎందుకెళ్ళాడో నాకు తెలుసు. మర్నాడు సాయంత్రానికి మిస్ ఒలివియా వెళ్ళి చెప్పింది. ఆవిడ నాకేసి చూసిన చూపు నీకు రాయలేను.

ఆదివారం గస్తీవాళ్ళకి కనబడ్డాడు. తన మెట్ల మీదే, తలుపుకి వీపు ఆన్చి కూర్చుని ఉన్నాడు. కొండ ఏం చెయ్యలేదు. గుండె ఆగిందని, ఊపిరితిత్తుల నిండా బూడిద ఉందని డాక్టరు చెప్పారు. వీధిలో మోకాలి లోతు బూడిద ఉందట. మెట్ల మీద మాత్రం పిండి జల్లెడ పట్టినంత పల్చటి పొర ఉందట. ఊడ్చాడు. ఎన్నిసార్లు ఊడ్చాడో, ఎంతసేపు బతికి ఉన్నాడో ఎవరూ చెప్పలేరు. నేను వెంటనే చెప్పి ఉంటే? రోజూ పడుకున్నాక ఆ లెక్కే వేస్తాను. ఏ రోజూ తేలదు.

ఇక్కడే, చర్చివాళ్ళు ఇచ్చిన స్థలంలో పెట్టాం. వీధంతా వచ్చింది. పాస్టరుగారు ఈసారి గడ్డి ఊసెత్తలేదు.

నీకు ఎందుకు రాయలేదంటే, నీ అబద్ధం ఆయన్ని ఆ ఇంట్లోంచి బయటికి తెచ్చింది. నా నిజం మళ్ళీ అక్కడికి పంపింది. నువ్వు నీ మాట గురించి అంతగా కుమిలిపోతూ రాస్తుంటే నేను నాది ఎలా రాయను? రాస్తే నువ్వు చదువుతావు. చదివాక నాకు ఇంకెవరూ ఉండరనుకున్నాను. నీ ఇంగ్లండు ఉత్తరం వచ్చాక అసలు చెయ్యి ఆడలేదు. నేను దాచినదాని మీద కాలు మోపి నువ్వు విమానం ఎక్కబోతున్నావు.

ఇప్పుడు మిస్ ఒలివియా అడుగుతోంది. కేలబ్ అడిగినట్టే, సాయంత్రం పూట. "ఇంకా ఎన్నాళ్ళు జెస్టినా?" నేను పలక్కుండా లేచి వెళ్ళిపోతున్నాను. నువ్వు చెప్పిన మాటా చెప్పలేను, నేను చెప్పిన మాటా చెప్పలేను. నీ పాఠంలో అన్ని మాటలున్నాయి కదా, ఆవిడకి ఏది చెప్పమంటావో రాయి.

జెస్టినా


సెయింట్ జాన్స్.
మార్చి

జెస్,

కోపం తీరాక రాద్దామని ఆగాను. తీరలేదు. రాస్తున్నాను.

ముందు, నీ తప్పు లేదని రాద్దామని కూర్చున్నాను. అందరూ రాసేది అదే కదా. సగం పేజీ రాసి చించేశాను. అలా నేను రాస్తే నువ్వు నాకు తిరిగి అదే రాయాలి. ఒకరికొకరం మాఫీ చేసుకుని ఇద్దరం తేలిగ్గా ఉంటాం. మరి ఆయన సంగతి? నీ తప్పు లేదని నేను రాయను జెస్. నా తప్పు లేదని నువ్వూ రాయకు. అంతమాత్రాన నీకు ఇంకెవరూ ఉండరనుకుంటే, నన్ను ఇన్నేళ్ళలో నువ్వు తెలుసుకున్నది ఏమీ లేదు.

ఆయన చీపురు తీసి నీ చేతికివ్వడం గురించి చదివినప్పుడు ఏడ్చాను. పిన్ని తలుపు కొట్టి, ఏమైందే అంది. మా ఊరి పెద్దాయన పోయాడు అన్నాను. ఎప్పుడు అంది. ఇప్పుడే అన్నాను.

తర్వాత ఆలోచించాను. ఆయన మనల్ని అడిగింది ఒకటే. ఎన్నాళ్ళు? నేను కొన్నాళ్ళే అన్నాను, నువ్వు ఎప్పటికీ లేదు అన్నావు. రెండూ మనకి తెలీని సంగతులే. పాస్టరుగారు స్వర్గం లెక్క చెప్పారు, ఆ కుర్రాయన కొండ లెక్క చెప్పాడు. ఇంతమందిలో ఒక్కరం కూడా తెలీదు అనలేదు. టీచర్లం కదా, పిల్లల ముందు ఆ మాట అనకుండా ఇరవై ఏళ్ళు గడిపాం. నోరు తిరగదు.

మిస్ ఒలివియాకి ఏం చెప్పాలో అడిగావు. నా పాఠంలో అలాంటి మాట లేదు. తెలీదని చెప్పు. చెప్పి, ఈసారి లేచి వెళ్ళిపోకుండా ఆవిడ పక్కన కూర్చో.

ఇంగ్లండు వెళ్తాను. వెళ్ళనని రాస్తే నీకు బాగుంటుంది, కానీ మళ్ళీ నీకు ఇంకో వాగ్దానం చెయ్యలేను. తేలికైన మనసుతో మాత్రం వెళ్ళను. ముందు ఈస్టరు అయ్యాక వచ్చే ఓడకి అక్కడికి వస్తున్నాను. ఆయన్ని ఎక్కడ పెట్టారో చూపించు. ఆ తర్వాత నువ్వు నన్ను ఎంత తిట్టాలనుకుంటే అంత తిట్టు, నేను నిన్ను తిడతాను. దుప్పటి గోడల మధ్య అందరూ వింటారు. విననీ.

రుత్లిన్


చర్చి శిబిరం.
ఏప్రిల్ 1997

రుత్లిన్,

ఈ ఉత్తరం నువ్వు ఓడెక్కేలోపు అందుతుందనుకుంటాను.

నిన్న సాయంత్రం మిస్ ఒలివియా అడిగింది. నేను వెళ్ళి ఆవిడ మంచం మీద కూర్చున్నాను. "నాకు తెలీదు మిస్ ఒలివియా. ఎవరికీ తెలీదు" అన్నాను. ఏడుస్తుందనుకున్నాను. కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి, గౌను అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని నా మొహం పరీక్షగా చూసింది.

"నిజంగా తెలీదా?" అంది.

"నిజంగా తెలీదు."

"అయితే ఈ మధ్యలో పడుకోవడం నా వల్ల కాదు. ఏడాదైంది గాలి లేక. వెళ్ళిపోతాం కదా అని ఎవరినీ ఏమీ అడగలేదు. నా మంచం ఆ కిటికీ పక్కకి జరపండి."

కిటికీ పక్కన ఖాళీగా ఉన్నది బాబాయి మంచం. ఇన్నాళ్ళూ దాన్ని ఎవరికీ ఇవ్వనివ్వలేదు నేను, శిబిరం ఆయన రెండుసార్లు అడిగినా. మిస్ ఒలివియాకి అది తెలుసు. తెలిసే అడిగింది. నేను బూట్లూ ఆయన టోపీ తీసి నా పెట్టెలో పెట్టుకున్నాను. పరుపు దులిపాను. నలుగురం కలిసి దాన్ని పక్కకి లాగి, ఆవిడ మంచం అక్కడికి జరిపాం. రాత్రి ఆవిడకి మంచి నిద్ర పట్టింది. నేను మెలకువగా ఉండి విన్నాను.

పొద్దున మాత్రం ఎండ నేరుగా మొహం మీద పడుతోందని సణిగింది. వచ్చేటప్పుడు ఆ కిటికీకి తెర కట్టడానికి గుడ్డ తీసుకురా. కాస్త మందంగా, గట్టిగా ఉండేది చూడు. పూలవి ఉంటే పూలవి తెమ్మంది.

జెస్టినా